జుట్టెందుకు రాలుతుంది: ఒక పాత వాదనలో తేలినవి, తేలనివి

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో జుట్టు రాలుతోందని ఎవరన్నా ముందు వచ్చేది నీళ్ళ మాట. పరిటాల, కంచికచర్ల మొదలుకొని పేట దాకా బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. అలాంటి నీళ్ళతో తలంటుకుంటే జుట్టు నిలుస్తుందా అంటారు. ఆ తర్వాత వరసగా షాంపూ, హెల్మెట్, ఒంట్లో వేడి, నిద్ర చాలకపోవడం, మేనమామ పోలిక. తలలో రూపాయి బిళ్ళంత మేర ఉన్నట్టుండి నున్నబడితే మాత్రం నీళ్ళ సంగతి పక్కకు పోతుంది. పేను కొరికిందనో, రాత్రి నిద్రలో ఏదో పురుగు పాకిందనో చెబుతారు. అదే మనిషి ఆస్పత్రికి వెళితే థైరాయిడ్, రక్తహీనత, హార్మోన్లు, దిగులు అనే మరో జాబితా చేతికొస్తుంది.

ఈ కారణాల్లో చాలావాటికి ఎంతో కొంత ఆధారం ఉంది. కానీ జుట్టు రాలడం ఒక జబ్బు కాదు, పదుల జబ్బులకు పైకి కనిపించే ఒకే గుర్తు. ఒకరు బట్టతల గురించి, ఇంకొకరు జ్వరం తర్వాత ఊడే జుట్టు గురించి, మూడో మనిషి నున్నటి మచ్చ గురించి మాట్లాడుతూ ఒకరి కారణాన్ని మరొకరు కొట్టేస్తుంటారు. దీనికి తోడు, చాలా సందర్భాల్లో దెబ్బ తగిలిన రోజుకూ జుట్టు రాలిన రోజుకూ మధ్య నెలల దూరం ఉంటుంది. వాదన ఇంతగా చిక్కుపడడానికి నా దృష్టిలో అసలు కారణం ఈ ఆలస్యమే. జుట్టు ఊడుతున్న వారంలో ఏం మారిందో వెతికేవారికి నీళ్ళూ షాంపూయే దొరుకుతాయి.

రెండు గడువులు

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళ పాటు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో ఎదుగుదల నిలిచిపోతుంది, సుమారు మూడు నెలలు ఊరకే ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి కొత్తది లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారి తలలో పదింటికి ఎనిమిదో తొమ్మిదో పెరిగే దశలోనే ఉంటాయి కాబట్టి రోజుకు 50 నుంచి 100 దాకా రాలినా పలచబడినట్టు కనబడదు.

టైఫాయిడ్, డెంగీ లాంటి గట్టి జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం వంటి దెబ్బ తగిలితే పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోతాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. రెండు మూడు నెలలు గడిచాక దువ్వెన నిండా, దిండు మీద, బాత్‌రూమ్ జాలీ దగ్గర గుత్తులుగా కనిపిస్తాయి. అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో దీనికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. 2020, 2021లో కొవిడ్ నుంచి కోలుకున్నవారు ఎందరో దీన్ని చూశారు. రాలిన వెంట్రుకను వెలుగులో పట్టుకుని చూస్తే కుదురు చివర చిన్న తెల్లటి ముడి ఉంటుంది, అంటే అది తన గడువు పూర్తి చేసుకునే రాలింది. కుదురు బాగానే ఉంది కాబట్టి కారణం తొలగితే చాలామందికి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో మళ్ళీ నిండుతుంది.

రెండో గడువు దీనికి పూర్తిగా భిన్నం. కేన్సర్ మందులు, కొన్ని విషాలు పెరుగుతున్న కుదురునే నిలబెట్టేస్తాయి. విశ్రాంతి, ఎదురుచూపు ఏమీ ఉండదు. రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో తల ఖాళీ అవుతుంది.

గుండు గురించి ఇక్కడే ఒక మాట. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గర, తిరుమలలో తలనీలాలిస్తే మొక్కు తీరుతుంది, దాని సంగతి వేరు. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ కొలతలు తీసి పరీక్షించింది. గీయడం వల్ల వెంట్రుకల మందం గానీ పెరిగే వేగం గానీ మారలేదు. కత్తి పైనున్న వెంట్రుకను తాకుతుంది, చర్మం కిందున్న కుదురు దాకా పోదు.

నీళ్ళ వాదన

నీళ్ళ మీద అనుమానాన్ని మూఢనమ్మకమని తోసేయడం అన్యాయం. మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను దేశంలో తొలిసారిగా 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బులతో జనం ఏళ్ళ తరబడి నలుగుతూ నీళ్ళనే అనుమానిస్తున్నారు. బోరు నీళ్ళు ఒంటికి చేటు చేయగలవని ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఫ్లోరైడ్ పట్టుకునేది పళ్ళనూ ఎముకలనూ. జుట్టు రాలడం దాని ప్రధాన లక్షణాల్లో లేదు. ఇక నీటి కాఠిన్యం అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇవి వెంట్రుక మీద పేరుకుని గరుకుగా, చిక్కుపడేలా చేస్తాయి. దానివల్ల వెంట్రుక బలహీనపడుతుందా అన్న దగ్గర పరిశోధనలు రెండు రకాలుగా తేలాయి. కోయంబత్తూరు వైద్యులు 2013లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో గట్టి నీటికీ డిస్టిల్డ్ నీటికీ మధ్య వెంట్రుకల బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2018లో పాకిస్తాన్ నుంచి వచ్చిన మరో అధ్యయనం గట్టి నీళ్ళలో ఉంచిన వెంట్రుకల బలం తగ్గిందని చెప్పింది.

రెండో ఫలితమే నిజమనుకున్నా అది రుజువు చేసేది వెంట్రుక మధ్యలో తెగడాన్ని మాత్రమే. కుదురు నుంచి ఊడడానికి అది సాక్ష్యం కాదు. తెగిన ముక్కకు చివర తెల్లటి ముడి ఉండదు, పొడవులు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. చవుడు నీళ్ళతో జుట్టు పాడవుతుందనే మాట ఇంతవరకూ నిలుస్తుంది. ఆ నీళ్ళతో బట్టతల వస్తుందనే మాట నిలవదు. హాస్టల్‌కో అత్తారింటికో వెళ్ళాక నీళ్ళు పడక జుట్టు ఊడిందనేవారి విషయంలో నీళ్ళతో పాటు తిండి, నిద్ర, మనసు కూడా మారి ఉంటాయి. వాటిని విడదీసి చూడకుండా నీళ్ళ మీద తీర్పు చెప్పలేం.

విషం పట్టిన కుదురు: బుల్ఢాణా, సుబాబుల్

నీళ్ళ వాదన ఎంత దూరం పోగలదో 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా చూపించింది. శేగావ్ తాలూకా పల్లెల్లో ముందు తల దురద, మూడు నాలుగు రోజుల్లో జుట్టు చేతికి ఊడిరావడం, వారంలో బట్టతల. పిల్లల నుంచి ముసలివారి దాకా వందల మందికి ఇదే వరస. మొదట బూజు జబ్బు అన్నారు. తర్వాత నీళ్ళన్నారు. పరీక్ష చేస్తే నీళ్ళలో లవణాలు, నైట్రేట్లు నిజంగానే ఎక్కువున్నాయి, దాంతో అనుమానం మరింత బలపడింది. జనం ఆ నీళ్ళు వాడడానికే జంకారు.

కానీ ఆ నీళ్ళు అక్కడ ఏళ్ళుగా ఉన్నవే. ఇళ్ళకిళ్ళు, అన్ని వయసులవారికీ, నాలుగు రోజుల్లో జుట్టు ఊడిందంటే అది రెండో గడువు, అంటే పెరిగే కుదురును నిలబెట్టిన విషం. తేలుకాటు వైద్యంలో ప్రపంచమంతా పేరున్న డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఆ దారిలో వెళ్ళి రేషన్ గోధుమల్లో సెలీనియం ఎక్కువగా ఉందని ప్రకటించారు. ఆయన పరీక్ష చేయించిన గోధుమల్లో కిలోకు 14.52 మిల్లీగ్రాములుంది, ఉండదగిన మోతాదు 1.9 అని ఆయన లెక్క. బాధితుల రక్తంలో, మూత్రంలో, వెంట్రుకల్లో సెలీనియం హెచ్చుగా ఉందనీ, జింక్ తగ్గిందనీ ఆయన చెప్పారు. గోధుమలు పంజాబ్ వైపు నుంచి వచ్చాయన్నారు. పంజాబ్‌లో హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతపు నేలల్లో సెలీనియం ఎక్కువని శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. తర్వాతి నెలల్లో కొందరికి గోళ్ళు కూడా ఊడడం ఈ నిర్ధారణకు బలమిచ్చింది, ఎందుకంటే సెలీనియం విషానికి జుట్టు, గోళ్ళు రెండూ గుర్తులే. చైనాలోని ఎన్‌షీ ప్రాంతంలో 1961 నుంచి 1964 వరకు ఇలాగే జరిగింది. బాగా దెబ్బతిన్న ఐదు ఊళ్ళలో దాదాపు సగం మంది జుట్టు, గోళ్ళు పోగొట్టుకున్నారు. 2008లో అమెరికాలో ఒక పోషక ద్రావణంలో సెలీనియం పొరపాటున లెక్కకు మించి కలిసి 201 మంది అస్వస్థులయ్యారు, వారిలో ఎక్కువమందికి జుట్టు రాలింది. శరీరానికి చిటికెడు కావలసిన ఖనిజమే మోతాదు దాటితే ఇంత పని చేస్తుంది.

మన మెట్ట ప్రాంతానికి ఇంకా దగ్గరి ఉదాహరణ పొలం గట్టు మీదే ఉంది. కాగితం మిల్లుల కోసం నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు ప్రాంతాల రైతులు వేల ఎకరాల్లో సుబాబుల్ వేశారు. దాని ఆకులో, గింజలో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. అది వెంట్రుక కుదురులోని కణాలు విభజన చెందకుండా అడ్డుపడుతుంది. సుబాబుల్ రొట్టనే మేతగా వేస్తే పశువుల వెంట్రుకలు రాలతాయి. గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు ఊడతాయి. నెమరువేయని జంతువులకు ముప్పు ఎక్కువ. గొర్రె ఒంటి మీది ఉన్నిని కత్తెర లేకుండా ఊడదీయడానికి ఇదే మైమోసిన్‌ను పరిశోధకులు ప్రయోగించి చూశారు కూడా. ఆస్ట్రేలియాలో సుబాబుల్ పశువులకు విషమవుతుంటే హవాయి మేకలు దాన్నే మేసి హాయిగా ఎలా ఉన్నాయని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆరా తీశాడు. ఆ మేకల కడుపులోని ఒక బాక్టీరియా విషాన్ని విరిచేస్తోందని తేలింది. దానికి 1992లో ఆయన పేరు కలిసొచ్చేలా సినర్జిస్టెస్ జోన్సియై అని పేరు పెట్టారు.

విషం తిన్న ప్రతి ప్రాణికీ ఒకేలా పట్టదని ఈ మేకలు చెబుతాయి. బుల్ఢాణాలో ఒకే ఇంట్లో, ఒకే పిండితో చేసిన రొట్టెలు తిన్నవారిలో ఒకరి జుట్టు ఊడి మరొకరిది నిలవడంతో కొందరు గోధుమ వాదనను శంకించారు. ఆ ఒక్క కారణంతో దాన్ని కొట్టేయనక్కర్లేదు.

నున్నటి మచ్చ: పురుగు, నరం, రక్తం

ఈ నున్నటి మచ్చకు వాడుకలో పేరు పేనుకొరుకుడు. దాని చరిత్ర ఈ మొత్తం ప్రశ్నలోకెల్లా ఆసక్తికరమైనది. సుశ్రుతుడు ఇంద్రలుప్తమన్న పేరుతో దీన్ని వర్ణించాడు. పిత్తం వాతంతో కూడి వెంట్రుకలను రాలుస్తుందనీ, ఆపైన కఫం, రక్తం రోమకూపాలను మూసేస్తాయనీ ఆయన వివరణ. వాగ్భటుడు నెమ్మదిగా వచ్చే బట్టతలను దీన్నుంచి వేరు చేసి చెప్పాడు. వ్యవధిని బట్టి రెండు జబ్బులను విడదీయడం అంత పాత కాలంలోనే జరిగిందన్నది గమనించాల్సిన సంగతి.

యూరప్‌లో మొదట మన పల్లెల్లో చెప్పే మాటకు దగ్గరి మాటే వైద్యులు చెప్పారు. 1843లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ సూక్ష్మదర్శినిలో బూజును చూసి మచ్చలకు అదే కారణమన్నాడు. తలకు పట్టే తామర విషయంలో ఆ మాట నిజం. కానీ తామరనూ పేనుకొరుకుడునూ ఒకే గాటన కట్టడంతో పేనుకొరుకుడు కూడా అంటుకుంటుందని దశాబ్దాల పాటు నమ్మారు, ఫ్రాన్స్‌లో పిల్లలను బడికి దూరం పెట్టారు. దానికి పోటీగా నరాల సిద్ధాంతం వచ్చింది: దిగులు, దెబ్బ, నరాల బలహీనత. 1902లో జాకే అనే వైద్యుడు పుచ్చుపళ్ళ చికాకు నరాల ద్వారా నెత్తికి చేరుతుందన్నాడు. ఆ లెక్కన పళ్ళు పీకించుకున్నవారూ ఉన్నారు.

ఇప్పుడు నిలిచిన సిద్ధాంతం మూడోది. ఒంటిని కాపాడాల్సిన తెల్లరక్తకణాలే వెంట్రుక కుదురును పరాయిదనుకుని చుట్టుముడతాయి. మామూలుగా పెరిగే కుదురు ఈ కణాల కంట పడకుండా ఒక రక్షణలో ఉంటుంది. ఆ రక్షణ సడలినప్పుడు దాడి మొదలవుతుంది. 2010లో ఏంజెలా క్రిస్టియానో బృందం వెయ్యి మందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించి ఈ రక్షణ వ్యవస్థకు సంబంధించిన చోట్లనే తేడాలు చూసింది. మచ్చ అంచున అర సెంటీమీటరు కూడా లేని పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి, పైన లావుగా, చర్మం దగ్గర సన్నగా. దాడి మొదలైన రోజు నుంచి కుదురు సన్నబడుతూ వచ్చిన తీరు ఆ ఒక్క వెంట్రుకలో అచ్చుపడి ఉంటుంది. జీవితకాలంలో నూటికి ఇద్దరికి ఇది ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. పేనుకూ దీనికీ సంబంధం లేదు, ఎవరికీ అంటుకోదు.

నాటువైద్యం ఇక్కడ ఎందుకు పని చేసినట్టు కనిపిస్తుందో విప్పి చెప్పడం అవసరం. ఒకటి రెండు మచ్చలున్నవారిలో దాదాపు సగం మందికి ఏడాదిలో ఏ మందూ లేకుండానే జుట్టు తిరిగొస్తుంది. ఆ సమయంలో ఏది రాస్తే దానికి పేరొస్తుంది. అయినా అంతటితో కథ అయిపోదు. 2002లో బాగ్దాద్ వైద్యులు ఉల్లిరసం రాసినవారిలో ఎక్కువమందికి ఆరు వారాల్లో వెంట్రుకలు మొలిచాయనీ, మామూలు నీళ్ళు రాసినవారిలో కొద్దిమందికేననీ చెప్పారు. అది చిన్న అధ్యయనం, ఎవరు ఏది రాసుకుంటున్నారో అందరికీ వాసన బట్టే తెలిసిపోతుంది. కానీ ఆస్పత్రుల్లో డిపీసీపీ అనే రసాయనంతో మాడు మీద కావాలనే అలర్జీ పుట్టించి తెల్లకణాల దృష్టి మళ్ళించే చికిత్స కూడా ఉంది. మంట పుట్టించే లేపనాల వెనక అలాంటి తర్కమే ఉండవచ్చు. గురిగింజ ముద్ద సంగతి వేరు. ఆయుర్వేదం ఇంద్రలుప్తానికి చెప్పిన లేపనాల్లో అదీ ఒకటి, ఆ వైద్యంలో గింజను శుద్ధి చేసి వాడే పద్ధతి ఉంది. ఇంట్లో పచ్చిగా నూరి, మచ్చను గరుకు గుడ్డతో రుద్ది రక్తం చిమ్మే చోట పట్టించడం ప్రమాదకరం. గురిగింజలోని అబ్రిన్ రవ్వంత కూడా ప్రాణాంతకం. పసిపిల్లల తలకు దాన్ని రాయడం తక్షణం మానాలి.

బట్టతల: తగవు చాలావరకు తీరిన చోటు

నపుంసకులకు బట్టతల రాదని హిపోక్రటీస్ కాలంలోనే గమనించారు. 1942లో జేమ్స్ హామిల్టన్ దానికి రుజువు చూపాడు: వృషణాలు పనిచేయనివారికి టెస్టోస్టిరాన్ ఇస్తే, కుటుంబంలో బట్టతల ఉన్నవారికే జుట్టు పలచబడింది. అంటే హార్మోను ఒక్కటే చాలదు, వంశమూ కావాలి. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీ అనే హార్మోనుగా మార్చే ఎంజైము లేకుండా పుట్టినవారిని ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వర్ణించింది, వారి నుదురు వెనక్కి పోలేదు. ఆ ఎంజైమునే అడ్డుకునే ఫినాస్టెరైడ్‌కు 1997లో అమెరికాలో బట్టతలకు అనుమతి వచ్చింది. రక్తపోటు మందుగా వచ్చిన మినాక్సిడిల్‌కు అంతకుముందే, 1988లో.

మేనమామ పోలిక అన్న మాటలో నిజం పాలు ఉంది. 2005లో ముఖ్యమైనదిగా తేలిన జన్యువు తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోము మీదే ఉంది. తర్వాత మిగతా క్రోమోజోముల మీద కూడా వందల చోట్లు బయటపడ్డాయి కాబట్టి తండ్రి పోలికా అంతే నిజం. హెల్మెట్‌కు ఇందులో పాత్ర లేదు.

ఇనుము మీద రెండు పక్షాలు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి జుట్టు రాలుతోందని వచ్చిన ఆడవారికి ఇనుము తక్కువని రాయడం డాక్టరుకు సులువు, చాలాసార్లు అది నిజం కూడా. కానీ రాలడానికి అదే కారణమా? బ్రిటన్ పరిశోధకుడు రష్టన్ పక్షం రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే కొలత) లీటరుకు 70 మైక్రోగ్రాముల దాకా ఉంటే తప్ప జుట్టు నిలవదంటుంది. 2010లో ఎలిస్ ఓల్సెన్ బృందం జుట్టు రాలే స్త్రీలలో, రాలనివారిలో ఇనుము లోపం ఇంచుమించు సమానంగా ఉందని చూపింది. ఎందరో స్త్రీలకు ఉన్న లోపం కొందరికే జుట్టును ఎందుకు రాలుస్తుందో మొదటి పక్షం చెప్పాలి. ఇనుము లోపించి రక్తహీనత అంటూ ఉన్నప్పుడు జుట్టుతో నిమిత్తం లేకుండా ఇనుము ఇవ్వాలి, దాని మీద తగవు లేదు. పరీక్ష లేకుండా నెలల తరబడి జుట్టు బిళ్ళలు మింగించడం మీద ఉంది. సెలీనియం, విటమిన్ ఏ రెండూ ఎక్కువైతే జుట్టును రాలుస్తాయి, కొన్ని బిళ్ళల్లో ఆ రెండూ ఉంటాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే

నుదురు, నడినెత్తి ఏళ్ళ తరబడి పలచబడితే వంశం, హార్మోను. ఆడవారిలో పాపిట వెడల్పయి, నెలసరి గాడితప్పి, ముఖాన వెంట్రుకలు లేస్తే అండాశయాల నీటితిత్తుల సమస్యనూ చూడాలి. తలంతా ఒక్కసారిగా రాలితే రెండు మూడు నెలల వెనకటి జ్వరాన్నో కాన్పునో గుర్తు చేసుకోవాలి, థైరాయిడ్ చూపించాలి. మచ్చ నున్నగా, పొట్టు లేకుండా ఉంటే పేనుకొరుకుడు. పిల్లల తలలో మచ్చ మీద పొట్టు లేస్తూ, వెంట్రుకలు తెగి మొద్దుల్లా ఉంటే తామర. ఇది అంటుకుంటుంది, పైపూతకు లొంగదు, నోటి ద్వారా మందు వాడాలి. జడ బిగించి వేసే చోట కణతల దగ్గర పలచబడితే ఆ లాగుడే కారణం. చర్మం మచ్చకట్టి రోమకూపాలే కనబడకపోతే ఆలస్యం చేయకూడదు, అలా పోయిన కుదురు తిరిగి రాదు. కనుబొమలు కూడా రాలుతూ ఒంటి మీద స్పర్శ లేని మచ్చలుంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. ఒక ఇంట్లో, ఒక వీధిలో చాలామందికి రోజుల్లో ఊడితే నీళ్ళతో పాటు తిన్న గింజనూ పరీక్షకు పంపాలి.

ఇంకా తేలనివి

పేనుకొరుకుడులో రక్షణ ఎందుకు సడలుతుందన్నది ఇంకా వాదనలోనే ఉంది. దిగులు దాన్ని రేపుతుందని రోగులు గట్టిగా చెబుతారు, అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి. 2022 జూన్‌లో అమెరికా అనుమతించిన బారిసిటినిబ్ తెల్లకణాల దాడిని అడ్డుకుంటుంది. సగానికి పైగా జుట్టు పోయినవారి మీద జరిపిన ప్రయోగాల్లో, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో మూడింట ఒక వంతుకు కాస్త పైగా 36 వారాల్లో తల దాదాపు నిండింది. మందు ఆపితే చాలామందికి మళ్ళీ ఊడుతుంది. ఇన్‌ఫెక్షన్ల, రక్తం గడ్డకట్టడాల ముప్పు ఉందన్న హెచ్చరిక మందు వివరపత్రంలోనే ఉంటుంది. పదహారేళ్ళ పిల్లకు ఈ మందును ఎన్నేళ్ళు వాడాలి అన్న ప్రశ్నకు వైద్యులు ఒకే జవాబు చెప్పడం లేదు.

బుల్ఢాణాలో సెలీనియం ఒక్కటే ఆ పని చేసిందా, జింక్ తగ్గడమూ తోడైందా అన్నది మిగిలే ఉంది. నీళ్ళ ప్రశ్న కూడా మెట్టలో తేలాల్సిందే. అందుకు బోరు నీళ్ళు వాడే ఊళ్ళనూ కృష్ణ, మునేరు నీళ్ళు వాడే ఊళ్ళనూ పక్కపక్కన తీసుకోవాలి. ఆడామగా వేరువేరుగా లెక్కించాలి, ప్రతి ఒక్కరి ఫెరిటిన్, థైరాయిడ్, వెనకటి మూడు నెలల్లో వచ్చిన జ్వరాలు, కాన్పులు రాసుకోవాలి. రాలిన వెంట్రుకలను తెల్లటి ముడి ఉన్నవీ, మధ్యలో తెగినవీ అని విడదీయాలి.